పేరు పెట్టి పిలిచే దయ: ఒక కాథలిక్ బొమ్మల కథ, మన ద్రౌపది



ఈ వారం వీడియోలో భాగవతం ప్రథమ స్కంధం నుంచి, ద్రౌపది అశ్వత్థామని వదిలేయమన్న ఘట్టం చెప్పుకున్నాం. పదిహేను నిమిషాల్లో ఇమడని మాట ఒకటి మిగిలిపోయింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మన ఛానెల్ చూసేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ చదివేవాళ్ల నుంచి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్ల దాకా ఉంటారు. మీరు అడిగే ప్రశ్నల్లో ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, నేను చదివే ఇంగ్లీష్ నవలల్లో క్రైస్తవ భావాలు ఉంటాయని అంటున్నారు. చదవొచ్చా, మానెయ్యాలా?" ఇదీ ప్రశ్న. నేను అడ్డుగోడ కట్టేస్తానని కొందరు, అన్నీ ఒకటే చదివేసుకోండి అంటానని కొందరు అనుకుంటారు. నేను రెండూ అనను. చదవండి, కానీ కళ్లు తెరుచుకుని చదవండి. ఆ పుస్తకం ఏ విలువ మీద నిలబడిందో గుర్తుపట్టండి. ఆ విలువ గురించి మన పెద్దలు ఏమన్నారో వెతకండి. అలా వెతికితే, మనం అటక మీద పెట్టి మరిచిపోయిన మన సొంత మాటే చాలాసార్లు దొరుకుతుంది.

ఈ రోజు అలాంటి ఒక పుస్తకం గురించి, అది పట్టుకున్న ఒక్క విలువ గురించి చెప్తాను. ఆ విలువ దయ. "అయ్యో పాపం" అనేసి ఊరుకునే దయ గురించి కాదు. మనకి కీడు చేసినవాడి మీద, మనవాడు కానివాడి మీద చూపించాల్సి వచ్చినప్పుడు గొంతుకి అడ్డం పడుతుందే, ఆ దయ గురించి.

మీకు తెలిసిన కథతోనే మొదలుపెడదాం

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలు మనలో చాలామంది చూశాం. ఆ నవల 1954, 1955లో వచ్చింది. రాసిన టోల్కీన్ నిష్ఠగల కాథలిక్. తన పుస్తకం మూలంలో మతపరమైనదనీ, కాథలిక్ రచననీ 1953లో ఒక జెస్యూట్ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అయితే ఆ కథలో చర్చి కనబడదు, ప్రార్థన దాదాపు కనబడదు. మరి కాథలిక్ భావం ఎక్కడుంది? గొల్లమ్ దగ్గర ఉంది. చంపడానికి అవకాశం, కారణం రెండూ ఉండి కూడా బిల్బో వాణ్ణి చంపడు. తర్వాత ఫ్రోడో కూడా చంపడు. చివరికి ఆ మంటకొండ అంచున ఫ్రోడో బలం చాలదు, ఉంగరం వదల్లేకపోతాడు. అప్పుడు పని జరిగింది ఆ బతకనిచ్చిన గొల్లమ్ వల్లే. హీరో ఓడిపోయిన చోట, ఎప్పుడో చూపించిన దయ నిలబడింది.

కత్తికంటే దయ లోతుగా పనిచేస్తుందనేది కాథలిక్ నీతిలో కేంద్రంలో ఉన్న భావం. ప్రతి మనిషిలోనూ దేవుడి పోలిక ఉందనీ, అందుకే ఎంత చెడినవాడైనా మనిషి కాకుండా పోడనీ వాళ్లు నమ్ముతారు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ వాళ్ల ధర్మబోధ గ్రంథంలో మరణశిక్ష భాగాన్ని మార్పించి, అది ఇక ఒప్పుకోదగినది కాదని చెప్పించింది కూడా ఈ ఆలోచనతోనే.

ఇది పాత పుస్తకం. ఇప్పటి కుర్రాళ్ల పుస్తకాల్లో ఇదే భావం ఇంకా కష్టమైన చోట నిలబడింది. దాని దగ్గరికి వెళ్దాం.

మనలాంటి ఒక కోడర్ రాసిన బొమ్మల కథ

జీన్ లూయెన్ యాంగ్ అమెరికాలో పుట్టిన చైనా సంతతి రచయిత. చదివింది కంప్యూటర్ సైన్స్. కొంతకాలం ప్రోగ్రామర్‌గా ఉద్యోగం చేశాడు. తర్వాత ఓక్లాండ్‌లో ఒక కాథలిక్ హైస్కూల్లో చాలా ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పాడు. ఆ పక్కనే బొమ్మల కథలు గీసేవాడు. 2006లో వచ్చిన అతని 'అమెరికన్ బార్న్ చైనీస్' అక్కడి నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకి చేరిన మొదటి గ్రాఫిక్ నవల. పగలు కోడ్, రాత్రి కథ. ఆఫీసు లాప్‌టాప్ మూసేశాక మన ఛానెల్‌కి స్క్రిప్టు రాసుకునే నాకు ఆ మనిషి మీద అందుకే కాస్త ఎక్కువ అభిమానం.

2000 అక్టోబర్ 1న పోప్ రెండో జాన్ పాల్, చైనాలో ప్రాణాలు పోయిన 120 మందిని పునీతులుగా ప్రకటించాడు. అందులో 87 మంది చైనావాళ్లే. కాథలిక్ చైనీయులు పండగ చేసుకున్నారు. చైనా ప్రభుత్వం మాత్రం మండిపడింది, పైగా అది వాళ్ల జాతీయ దినోత్సవం. యాంగ్ ఆ చరిత్ర చదువుతూ ఇరుకున పడ్డాడు. తన మతం ఒకవైపు, తన జాతి ఒకవైపు. ఎవరి పక్షం తీసుకోవాలి? ఆ ఇరుకులోంచే 2013లో 'బాక్సర్స్', 'సెయింట్స్' అని జంట పుస్తకాలు వచ్చాయి. కథ చివర దాకా చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్లు చదివాక ఇక్కడికి రండి.

బాక్సర్లంటే 1900 ప్రాంతంలో విదేశీయుల మీద, వాళ్ల మతం మీద తిరగబడ్డ చైనా పల్లెటూరి కుర్రాళ్లు. 'బాక్సర్స్' కథానాయకుడు బావ్. వాడి ఊళ్లో తు ది గాంగ్ అనే క్షేత్రదేవత ఉంటాడు. మన ఊరి పొలిమేర దేవత లాంటివాడనుకోండి. ఒక రోజు విదేశీ పాదిరీ వచ్చి అందరి ముందు ఆ విగ్రహాన్ని పగలగొడతాడు. ఇది రాసింది ఒక కాథలిక్ అన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తన మతంవాళ్లు చేసిన అన్యాయాన్ని అతను దాచలేదు, మెత్తగా చెప్పలేదు. ఆ పేజీ చదువుతుంటే నాకు రక్తం ఉడికింది. మీకూ ఉడుకుతుంది. అతనికి కావలసింది అదే.

బావ్ పెద్దవాడై దేవతలని తన ఒంటి మీదకి ఆవాహన చేసుకుని యుద్ధానికి దిగుతాడు. వాడిలోకి వచ్చేది చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్. దేశం కావాలంటే జాలి వదిలెయ్యాలని ఆ చక్రవర్తి వాడి చెవిలో పోరుతుంటాడు. బావ్ మొదట తటపటాయిస్తాడు. తర్వాత ఒప్పుకుంటాడు. కొంతదూరం వెళ్లాక, ఆడవాళ్లూ పిల్లలూ లోపలున్న చర్చికి నిప్పు పెడతాడు. ఇంకొంత దూరం వెళ్లాక, పెకింగ్‌లో విదేశీయుల మీద దాడికి దారి కోసం తన దేశపు గొప్ప గ్రంథాలయానికే నిప్పు పెడతాడు. ఏ సంస్కృతిని కాపాడ్డానికి బయల్దేరాడో దాన్నే తగలబెట్టాడు. ఆ పుస్తకాల్ని కాపాడబోయి, వాడు ప్రేమించిన మేయ్-వెన్ అనే అమ్మాయి చనిపోతుంది.

గమనించారా? బావ్ కోపం న్యాయమైనదే. వాడి దేవుడి మీద ప్రేమ నిజమైనదే. దయ అనే ఒక్క తీగ తెగింది, అంతే. ఆ ఒక్కటీ తెగాక మిగతావన్నీ వాడికి ఎదురు తిరిగాయి.

పేరు లేని పిల్ల

రెండో పుస్తకం 'సెయింట్స్'లో అదే కాలం, అవతలి పక్షం. ఒకింట్లో నాలుగో ఆడపిల్ల పుడుతుంది. చైనా భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలా వినిపిస్తుంది. అందుకని తాత ఆ పిల్లకి పేరే పెట్టడు. నాలుగో పిల్ల అనే పిలుపే ఆమె పేరు. ఇంట్లో దెయ్యం అన్నట్టు చూస్తే, సరే దెయ్యంగానే ఉంటానని మొహం వికారంగా పెట్టుకుని తిరుగుతుంది. ఊళ్లో ఒక కాథలిక్ వైద్యుడి ఇంటికి వెళ్లడం మొదలుపెడుతుంది. ఎందుకంటే అక్కడ తినడానికి ఏదో ఒకటి పెడతారు! దేవుడి కథలు చెప్తుంటే నిద్రపోతుంది. తర్వాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆమెకి మొదటిసారి ఒక పేరు వస్తుంది. విబియానా.

తిండి కోసం మతం మారారు అనే ఎత్తిపొడుపు మన జిల్లాలో కొత్త కాదు. యాంగ్ దాన్ని తప్పించుకోలేదు, అవును, మొదట తిండి కోసమే వెళ్లింది అని రాశాడు. కానీ ఆ పిల్ల అక్కడ ఆగిపోయింది తిండి కోసం కాదు, పేరు కోసం. ఇక్కడ హిందువులుగా మనం ఒక్క క్షణం ఆగాలి. ఆ పిల్లని అవతలివాళ్లు ఎలా లాక్కున్నారని అడగడం తేలిక. సొంత ఇల్లు ఆమెకి పేరు ఎందుకు పెట్టలేదని అడగడం కష్టం. మన డెల్టాలోనూ తరతరాలుగా గుడి మెట్టు ఎక్కనివ్వని మనుషులు ఉన్నారు. వాళ్లని లోపలికి రానివ్వడానికి 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేయాల్సి వచ్చింది. చట్టంతో తెరిపించాల్సి వచ్చిన తలుపు వెనక ఉన్నది దేవుడే, కానీ గడియ వేసింది మనుషులు. ఈ మాట చెప్పుకోవడం మన ధర్మానికి అవమానం కాదు. రోగం పేరు చెప్పుకోని ఇంట్లో మందు పనిచేయదు.

చివరికి ఈ రెండు కథలూ కలుస్తాయి. బావ్ చేతికి విబియానా చిక్కుతుంది. మతం వదిలెయ్యమంటాడు. వదలనంటుంది. చనిపోయే ముందు, చంపబోయేవాడికే ఒక చిన్న ప్రార్థన నేర్పుతుంది. బావ్ ఆమెని చంపేస్తాడు. తర్వాత పెకింగ్‌లో బాక్సర్లు ఓడిపోయి, విదేశీ సైనికులు తుపాకి ఎక్కుపెట్టినప్పుడు, వాడి ప్రాణం కాపాడింది ఆ ప్రార్థనే. చదివి పుస్తకం మూశాక చాలాసేపు నాకు ఏమీ తోచలేదు.

ఆ యుద్ధంలో మనవాళ్లూ ఉన్నారు తెలుసా? బ్రిటిష్ సైన్యంలో చైనా వెళ్లినవాళ్లలో భారతీయ సిపాయిలు చాలామంది. వాళ్లలో రాజ్‌పుత్ పటాలానికి చెందిన గదాధర్ సింగ్ తిరిగొచ్చాక 'చీన్ మే తేరహ్ మాస్' అని హిందీలో పుస్తకం రాశాడు, 1902లో వచ్చింది. తను ఎవరి మీదకి తుపాకి పట్టుకుని వెళ్లాడో ఆ చైనా జనం కష్టం చూసి బాధపడ్డాడు. ఇది బొమ్మల కథ కాదు, జరిగిన సంగతి. యూనిఫాం వేసుకున్నా దయ చావలేదు.

అరచేతిలో కన్ను

ఇప్పుడు నన్ను కుర్చీలోంచి లేపేసిన విషయం చెప్తాను. 'బాక్సర్స్'లో మేయ్-వెన్ దయకి దేవత అయిన గ్వాన్‌యిన్ గురించి చెప్తుంది. వేయి చేతులు, ప్రతి అరచేతిలో ఒక కన్ను. బాధపడేవాళ్లని చూడ్డానికి కళ్లు, ఆదుకోవడానికి చేతులు. 'సెయింట్స్'లో విబియానాకి చావు ముందు క్రీస్తు కనిపిస్తాడు. మేకులు దిగిన ఆయన అరచేతుల్లో కళ్లుంటాయి. గ్వాన్‌యిన్ చేతుల్లో ఉన్న కళ్లే. రెండు పక్షాలూ ఒకరినొకరు చంపుకుంటున్న దేవుళ్ల చేతులు ఒకేలా ఉన్నాయని, ఒక్క మాట కూడా రాయకుండా బొమ్మతో చెప్పేశాడు.

ఆ గ్వాన్‌యిన్ ఎవరు? బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే. మన దేశం నుంచి చైనా వెళ్లి, అక్కడి జనం మనసులో అమ్మ రూపం తీసుకున్నాడు. మా ఉయ్యూరుకి ఒకపక్క ఘంటసాల, ఇంకోపక్క కృష్ణ దాటితే అమరావతి, రెండూ ఒకప్పుడు బౌద్ధం వెలిగిన చోట్లే. ఈ దేశపు గాలిలో పెరిగిన ఒక కరుణామూర్తి చైనాకి నడిచివెళ్లి, అక్కణ్ణుంచి సముద్రం దాటి ఒక అమెరికా కాథలిక్ గీసిన బొమ్మలోకి చేరి, కొరియర్ కవర్లో మళ్లీ ఉయ్యూరు వచ్చాడు. పురుష సూక్తంలో పరమాత్మకి వేయి తలలు, వేయి కళ్లు, వేయి పాదాలు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ కళ్లు ఎందుకో, ఎవరిని చూడ్డానికో ఎప్పుడైనా ఆలోచించామా?

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇదంతా చెప్పి "చూశారా, మనదే అందరూ ఎత్తుకెళ్లారు" అనడం లేదు. "అన్ని మతాలూ ఒకటే" అని కూడా అనడం లేదు. తేడాలు ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి. మనిషికి ఒకటే జన్మ అని వాళ్లంటారు, జన్మలు అనేకం అని మనమంటాం. వాళ్ల లెక్కలో దయ ఎందుకంటే ప్రతి మనిషినీ దేవుడు తన పోలికలో చేశాడు కాబట్టి. మన లెక్కలో దయ ఎందుకంటే ప్రతి జీవిలోనూ అంతర్యామిగా ఉన్నది ఆయనే కాబట్టి. వేర్లు వేరు. చెట్టు కింద ఎండలోంచి వచ్చినవాడికి దొరికే నీడ మాత్రం ఒకటే.

ఇద్దరు ద్రౌపదులు

ఇప్పుడు మన కథ. యుద్ధం అయిపోయిన రాత్రి అశ్వత్థామ పాండవుల శిబిరంలో దూరి, నిద్రపోతున్న ద్రౌపది అయిదుగురు కొడుకుల్నీ చంపేశాడు. యుద్ధంలో కాదు, నిద్రలో. తర్వాత ఏం జరిగిందో వ్యాసుడి భారతం ఒకలా, భాగవతం ఇంకోలా చెప్తాయి. భారతంలో ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. వాడి ప్రాణం తీయాలి, వాడి తలమీది మణి తేవాలి, లేకపోతే లేవను అంటుంది. ఆ కోపాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

భాగవతంలో అర్జునుడు అశ్వత్థామని పశువుని కట్టినట్టు కట్టి తెచ్చి ఆమె ముందు పడేస్తాడు. తలవంచుకున్న వాణ్ణి చూసి ఆమె మొదట నమస్కరిస్తుంది, గురుపుత్రుడు కదా అని. వదిలెయ్యండి అంటుంది. నేను పిల్లల కోసం ఎలా ఏడుస్తున్నానో, వాడి తల్లి కృపి అలా ఏడవకూడదు అన్నది ఆమె వాదన. పోతన గారు ఆ ఘట్టాన్ని తెలుగులో చెప్పిన తీరు మీలో చాలామందికి తెలుసు. భీముడు చంపాల్సిందే అంటాడు. కృష్ణుడు ఇద్దరి మాటా శాస్త్రమే అంటాడు. ఆతతాయిని చంపమన్నదీ శాస్త్రమే, ఇలాంటివాణ్ణి చంపొద్దన్నదీ శాస్త్రమే, రెండూ నిలబెట్టు అని అర్జునుడికి వదిలేస్తాడు. అర్జునుడు వాడి జుట్టు కోసి, మణి లాక్కుని, శిబిరం నుంచి గెంటేస్తాడు. శిక్ష పడింది, ప్రాణం మిగిలింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఒక పోలిక చెప్తాను. రాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే మర్నాడు రిపోర్టు రాస్తాం. మంచి టీముల్లో ఆ రిపోర్టులో మనిషి పేరు రాయరు. ఏం జరిగింది, ఎలా జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి అని రాస్తారు. తప్పుని తేలిగ్గా తీసుకున్నారని కాదు, ప్రతి వాక్యం తప్పు గురించే ఉంటుంది. మనిషినీ తప్పునీ విడదీస్తారు, అంతే. ద్రౌపది చేసింది అదే, కాకపోతే ఆమె పోగొట్టుకున్నవి సర్వర్లు కాదు, కన్నబిడ్డలు. అందుకే మన పోలిక ఆమె పాదాల దాకా కూడా రాదు.

గొల్లమ్ కథతో ఇక్కడ ఒక తేడా ఉంది. అక్కడ దయ చూపించినందుకు లోకం బాగుపడింది. ఇక్కడ? వదిలేసిన అశ్వత్థామ మళ్లీ బ్రహ్మాస్త్రం వేశాడు, ఈసారి ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద. దయ వాణ్ణి మార్చలేదు. మరి ద్రౌపది పొరబడిందా? భాగవతం ఆ మాట అనదు. ఆ బిడ్డని కాపాడే పని కృష్ణుడు మీద వేసుకున్నాడు. ఆ బిడ్డే పరీక్షిత్తు. ఆయన కోసమే శుకుడు భాగవతం చెప్పాడు. ఎవరో మారతారని, తర్వాత లాభం వస్తుందని లెక్క వేసి చూపించేది దయ కాదు, పెట్టుబడి. మన వంతు మనం చేస్తాం. ఆ తర్వాతది ఆయన చూసుకుంటాడు. దానితోపాటు ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. కృష్ణుడు దయ చూపించమని చెప్పి కాపలా మానెయ్యలేదు. దయ అంటే తలుపు తెరిచిపెట్టి నిద్రపోవడం కాదు. హింస చేసేవాడి నుంచి కాపాడుకోవడం ధర్మమే. కాపాడుకున్నాక కూడా వాణ్ణి మనిషిగా చూడటం ఇంకా పెద్ద ధర్మం.

మా ఇంట్లో పలకని పేరు

ఈ మాటలన్నీ పుస్తకాల్లో బాగుంటాయి, ఇంట్లో ఎలా ఉంటాయి అని మీరు అడుగుతారు. చెప్తాను.

మా పెదనాన్నగారి అమ్మాయి, మా ఇంట్లో పిల్లలందరికీ పెద్దక్క, విజయవాడలో చదువుకునేటప్పుడు ఒక కాథలిక్ అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. నేనప్పుడు ఇంటర్. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె పేరు పలకడం ఆగిపోయింది. ఎవరూ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పేరు పలకలేదు, అంతే. తప్పనిసరైతే "అది" అనేవారు. రేషన్ కార్డులో ఉన్న పేరు ఇంట్లో లేకుండా పోయింది. ఆరేళ్లు.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకి చెప్తాను. బందరు రోడ్డు మీద, చెరకు తోటల మధ్య ఊరు మాది. మాఘ శుద్ధ ఏకాదశి నుంచి పదిహేను రోజులు వీరమ్మతల్లి తిరునాళ్లు జరుగుతాయి. వీరమ్మ పుట్టుకతో దేవత కాదు, ఈ నేల మీద ఒక ఇంటి ఇల్లాలుగా బతికి, అన్యాయాన్ని అనుభవించి పేరంటాలుగా వెలసిన తల్లి అని మా నమ్మకం. కాథలిక్కులకి పునీతులున్నట్టు తెలుగు ఊళ్లకి పేరంటాళ్లు. తిరునాళ్లకి ఊళ్లో ఆడపడుచులందరూ పుట్టింటికి వస్తారు. అటు విజయవాడలో, కొండ మీద గుణదల మాత ఉత్సవం ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. అక్కడ 1924లో విగ్రహం పెట్టారు. ఆ కొండకి హిందువులు కూడా వెళ్తారు, కొబ్బరికాయ కొడతారు, తలనీలాలు ఇస్తారు. కొన్నేళ్లు రెండు పండగలూ ఒకే వారంలో పడతాయి.

అలా పడిన ఒక ఏడాది, నాయనమ్మ వంటింట్లో కూర్చుని ప్రసాదానికి బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే పెదనాన్నతో అంది: "ఊళ్లో అందరి ఆడపిల్లలూ వచ్చార్రా. మన పిల్ల ఏది?" తర్వాత అక్క పేరు పెట్టి, చిన్నప్పుడు పిలిచినట్టు ముద్దుపేరు పెట్టి మళ్లీ అడిగింది. ఆరేళ్ల తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. పెదనాన్న ఏమీ అనలేదు. చేతిలో పేపరు మడిచి, వీధిలోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి, "నంబరు ఎవరి దగ్గరుంది?" అన్నారు.

అక్క వచ్చింది, బావ వచ్చాడు, నాలుగేళ్ల మేనకోడలు వచ్చింది. బావ గుడి బయట చెప్పులు విప్పి, పాపని ఎత్తుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు, రావొద్దనీ అనలేదు. భోజనాల దగ్గర పెదనాన్న అతనితో అన్న మొదటి మాట, "ఇంకొంచెం పప్పు వేయించుకో బాబూ". అంతకన్నా పెద్ద మాటలేం జరగలేదు. ఈ రోజుకీ పెదనాన్నకి ఆ పెళ్లి మీద అభ్యంతరం ఉంది, దాచుకోరు కూడా. అక్క ఆదివారం చర్చికి వెళ్తుంది. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఒక్క కార్తీక సోమవారం వదల్లేదు. ఎవరూ ఎవరి దేవుణ్ణీ వదులుకోలేదు. ఒక పేరు తిరిగి ఇంటికి వచ్చింది.

నాయనమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. యాంగ్ పేరు ఆమెకి తెలియదు. భాగవతం మాత్రం వినివుంది. ద్రౌపది మాట వినడానికి ఎంత బాగుంటుందో, అనడానికి ఎంత కష్టమో ఆ రోజు ఆ వంటింట్లో నాకు తెలిసింది.

ఇంతకీ మనం చేయాల్సింది

ఫోన్ తెరిస్తే మన మతం పేరుతో రోజూ వందల మెసేజీలు వస్తాయి. వాటిలో కొన్ని నిజంగా జరిగిన అన్యాయాలు. వాటికి కోపం రావడం తప్పు కాదు. విగ్రహం పగిలినప్పుడు బావ్‌కి వచ్చిన కోపం తప్పు కాదు. కానీ ఆ కోపం చెవిలో ఒక గొంతు మాట్లాడుతుంది, జాలి వదిలేస్తేనే నువ్వు నిజమైన వీరుడివి అంటుంది. ఆ గొంతుని గుర్తుపట్టండి. అది దేవుడిది కాదు, చిన్ షి హువాంగ్‌ది. మన దేవుడు కురుక్షేత్రం మధ్యలో నిలబడి యుద్ధం చేయమన్నవాడే, అయినా కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి దయ చూపిస్తే దాన్ని నిలబెట్టినవాడు. రెండు సందర్భాల్లోనూ ఆయనే ఉన్నాడు. ఒక్కదాన్నే పట్టుకుంటే సగం కృష్ణుణ్ణే పట్టుకున్నట్టు.

పుస్తకాల సంగతికి వస్తే, మీరు చదివే ఏ నవలైనా ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఈ కథలో శత్రువుని మనిషిగా చూపించారా? దయ చూపించినవాడు దానికి ఏం మూల్యం చెల్లించాడు? ఈ పరిస్థితిలో మన పురాణాల్లో ఎవరున్నారు, వాళ్లేం చేశారు? మూడోదానికి జవాబు తెలియకపోతే అదే మంచి అవకాశం. ఆ రాత్రి భాగవతమో భారతమో తెరవండి. పరాయి పుస్తకం మిమ్మల్ని మీ ఇంటి పుస్తకం దగ్గరికి పంపిస్తే, దాన్నుంచి మీకు జరిగింది మేలే.

ఇక ఈ వారానికి ఒక చిన్న సాధన. ప్రతి ఇంట్లోనూ, ప్రతి స్నేహితుల గుంపులోనూ పలకడం మానేసిన పేరు ఒకటి ఉంటుంది. మతం వల్ల కావచ్చు, కులం వల్ల కావచ్చు, పొలం గట్టు వల్ల కావచ్చు, డబ్బు వల్ల కావచ్చు. ఆ మనిషి చేసింది తప్పే అయి ఉండొచ్చు. ఆ తప్పుని ఒప్పని మీరు ఒప్పుకోనక్కర్లేదు. వాళ్లతో రాజీ పడటం మీకు క్షేమం కాకపోతే, వెళ్లి కలవనూ అక్కర్లేదు. సాయంత్రం దీపం పెట్టాక, విష్ణుసహస్రనామం చదువుకునేవాళ్లు చదువుకున్నాక, ఆ వేయి పేర్ల చివర ఆ ఒక్క పేరు కూడా మనసులో పలకండి. వాళ్లు చల్లగా ఉండాలని అనుకోండి. మొదటి రోజు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. ఏడో రోజుకి ఎలా ఉందో కింద రాయండి. ఎవరి పేరో మాత్రం రాయకండి, అది మీకూ ఆయనకీ మధ్యే ఉండనివ్వండి.

వచ్చే వారం వీడియోలో పరీక్షిత్తు కథ. దయ వల్ల కాపాడబడ్డ ఆ బిడ్డ పెద్దయ్యాక, శాపం మీద పడ్డప్పుడు ఏం చేశాడో చెప్పుకుందాం.

అందరికీ మంచి జరగాలి. జై శ్రీమన్నారాయణ.